విదేశ ద్రవ్య మారకము – చేతికందు రూపాయల లెక్క

మారకపు లెక్క మోత్కూరు ప్రాంతమునకు క్రొత్తది కాదు. నిజాము ప్రభుత్వ కాలమున ఇచ్చట చెలామణిలో నుండినది హాలీ సిక్కా రూపాయి. బ్రిటిషు ఇండియాలో చెల్లుచుండినది కల్దారు రూపాయి. రెండింటికిని పదునారేసి అణాలే అయినను విలువ ఒక్కటి కాదు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. నూరు కల్దారు రూపాయలు కావలెనన్నచో 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ చెల్లింపవలెను. నల్లగొండ జిల్లా తూర్పు సరిహద్దు దాటి జగ్గయ్యపేటకో బెజవాడకో సరకు తోలుకొనిపోవు రైతునకు ఈ లెక్క తప్పనిసరి. 70 హాలీ రూపాయలకు 60 కల్దారు రూపాయలు రావలసియుండగా, షరాబు 59 మాత్రమే చేతిలో పెట్టి, “బట్టా ఏమియు పట్టుకొనలేదు” అని పలికెననుకొందము. ఆ మాట నమ్మిన రైతు ఒక రూపాయి పోగొట్టుకొన్నాడు. బట్టా అను పేరు వినబడలేదు గాని బట్టా పోయినది.

హైదరాబాదు రూపాయి జారీ 1951లో నిలిచిపోయినది. 1959లో దాని చెలామణి పూర్తిగా రద్దయినది. 2016లో మోత్కూరు నల్లగొండ నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. నేడు మన పల్లెలకు వచ్చుచున్నది కల్దారు కాదు; దిర్హము, రియాలు, డాలరు. 2023–24లో విదేశముల నుండి భారతదేశమునకు వచ్చిన స్వజనుల సొమ్ములో 8.1 శాతము తెలంగాణకు చేరినట్లు రిజర్వు బ్యాంకు పరిశీలనలో తేలినది. గల్ఫునకో అమెరికాకో పోయినవారి కుటుంబములకు సందేహము కలిగినపుడు మొదట అడుగునది పంచాయతీ సభ్యులనే. కావున సభ్యులు ఈ లెక్కను స్వయముగా చేయ నేర్చుకొనుట మేలు.

మొదట గమనింపవలసినది, మారకపు సంస్థల పలకపై రెండు రేట్లుండును. ఒకటి కొనుగోలు రేటు, రెండవది అమ్మకపు రేటు. ఈ పేర్లు సంస్థ దృష్టితో పెట్టినవి. మనము దిర్హములు ఇచ్చునపుడు సంస్థ కొనుచున్నది గావున మనకు వర్తించునది కొనుగోలు రేటు. అది ఎల్లప్పుడు తక్కువగా నుండును. అందులోను కాగితపు నోట్లకు ఒక రేటు, బ్యాంకు ద్వారా వచ్చు తంతి బదిలీకి మరియొక రేటు. నోట్లను లెక్కించి, భద్రపరచి, తిరిగి విదేశమునకు చేర్చు ఖర్చు సంస్థపై పడును గనుక నోట్ల రేటు మరికొంత తగ్గును. విమానాశ్రయములోని కౌంటర్లలో సాధారణముగా ఇంకను తగ్గును. అచ్చట బండి కిరాయికి సరిపడునంత మార్చుకొని, మిగిలినది పట్టణములో మార్చుకొనవచ్చును.

చెప్పిన రేటు న్యాయమైనదా కాదా అని తెలిసికొనుటకు తేలికయైన ఉపాయమొకటి కలదు. ఎమిరేట్ల దిర్హము 1997 నుండి డాలరుకు 3.6725 చొప్పునను, సౌదీ రియాలు 1986 నుండి 3.75 చొప్పునను ముడిపెట్టబడి యున్నవి. కావున పత్రికలో డాలరు ధర చూచి భాగించినచో చాలును. డాలరు 90 రూపాయలనుకొన్నచో రియాలు సరిగా 24 రూపాయలు, దిర్హము రమారమి 24 రూపాయల 50 పైసలు కావలెను. సంస్థ చెప్పిన రేటు దీనికెంత తక్కువయో అంతయు దాని లాభమే. కువైటు దీనారు పలు దేశముల నాణెముల కలయికతో ముడిపడినది గావున దానికీ లెక్క సరిగా కుదరదు.

అయితే రేటొక్కటే చూచుట చాలదు. ఒక సంస్థ “రుసుము లేదు” అని దిర్హమునకు 24.10 రూపాయలిచ్చుచున్నది. రెండవది 20 దిర్హముల రుసుము తీసికొని 24.45 ఇచ్చుచున్నది. వెయ్యి దిర్హములు పంపువానికి మొదటిచోట 24,100 రూపాయలు, రెండవచోట 23,961 రూపాయలు వచ్చును, మొదటిదే మేలు. అదే మనిషి నాలుగు నెలల సొమ్ము కూడబెట్టి 4,000 దిర్హములు ఒక్కమారు పంపినచో మొదటిచోట 96,400, రెండవచోట 97,311. ఇప్పుడు రెండవదే 911 రూపాయలు మేలు. ఇంచుమించు 1,400 దిర్హములకు లోపల రుసుము లేని సంస్థ, అంతకు పైన రుసుముగల సంస్థ లాభమని తేలుచున్నది. కనుక పంపువాడు సంస్థను అడుగవలసిన ప్రశ్న “రేటెంత?” అని కాదు; “నేనిన్ని దిర్హములిచ్చిన మా యింటివారి ఖాతాలో ఎన్ని రూపాయలు పడును?” అని.

మారకముపై జి.ఎస్.టి. కూడ కలదు. 25,000 రూపాయల వరకు ఎంత మార్చినను పన్ను 45 రూపాయలు. ఆరేసివేలు చొప్పున నాలుగుమార్లు మార్చినచో 180 రూపాయలు పోవును. 24,000 ఒక్కమారు మార్చినచో 45తో సరి.

మరి రూపాయి ఇంకను పడిపోవునని సొమ్ము అచ్చటనే నిలిపియుంచుట లాభమా? చాలమంది ఈ ఆశతో నెలలు గడుపుదురు. వీసా నిమిత్తము నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పుచేసి పోయినవాని సంగతి చూడుడు. నేడు 24.45 ఉన్న దిర్హము వచ్చెనెలకు 24.94 అయిననే ఆ వడ్డీకి సరిపోవును. నెలనెలా అట్లు పెరుగుట అరుదు. వడ్డీ మాత్రము ఒక్క నెలయు తప్పదు. అప్పున్న ఇంటికి మంచి రేటుకై వేచియుండుట కంటె ముందుగా అప్పు తీర్చుటయే మేలైన మారకము. అప్పులేనివారు వేచినను పెద్ద ముప్పు లేదు; ఆ పని జూదముతో సమానమని మాత్రము తెలిసియుండవలెను.

ఇక హుండీ మాట. దీనిని కప్పిపుచ్చి ప్రయోజనము లేదు. హుండీవాడు తరచు బ్యాంకు కంటె పది ఇరువది పైసలు ఎక్కువే ఇచ్చును, ఇంటికి తెచ్చి ఇచ్చును. ఎట్లు ఇయ్యగలుగుచున్నాడు? మనవాడు దుబాయిలో ఇచ్చిన దిర్హములు ఈ దేశమునకు రావు. లెక్కలకెక్కని బంగారమునకో, పన్ను ఎగవేతకో అచ్చట దిర్హములు కావలసినవాడు ఇచ్చట రూపాయలిచ్చును. అతని అవసరమే మనకు వచ్చు ఎక్కువ పైసలకు మూలము. సొమ్ము చేరకపోయినచో చూపుటకు రసీదు లేదు, పోలీసులకు చెప్పుకొనుటకు ముఖము లేదు. 2000 జూన్ 1 నుండి అమలులోనున్న విదేశ మారక ద్రవ్య నిర్వహణ చట్టము, 1999 ప్రకారము ఇది చట్టవిరుద్ధమై, ఆ మొత్తమునకు మూడురెట్ల వరకు జరిమానా పడవచ్చును. సొమ్ము అందుకొన్న ఇంటివారును ఇందులో చిక్కుకొందురు. రేపు ఇల్లు కట్టుటకు బ్యాంకు అప్పు కోరినపుడు పది సంవత్సరముల గల్ఫు సంపాదనకు ఒక్క కాగితమైనను ఉండదు. వేయి దిర్హములకు నూరో రెండునూర్లో మిగిలినందుకు ఇది మిక్కిలి పెద్ద వెల యని నా అభిప్రాయము.

విదేశమున పనిచేయువాడు ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరచుట మంచిది. ప్రవాసిగా ఉన్నంతకాలము దానిపై వడ్డీకి ఆదాయపు పన్ను లేదు. తిరిగివచ్చినవారు వెంట తెచ్చుకొన్న నోట్లలో 2,000 డాలర్ల విలువ వరకు ఉంచుకొనవచ్చును. అంతకు మించినది 180 దినములలోపల అధీకృత సంస్థలో మార్చుకొనవలెను. నోట్లను పెట్టెలో మరచినవారికి ఇంకొక చిక్కు. చిరిగిన నోట్లకు ధర తగ్గింతురు, చిల్లర నాణెములను సాధారణముగా కొననే కొనరు. అందుచేత నాణెములను విమానమెక్కుటకు ముందే అచ్చట ఖర్చుచేయుట మేలు.

మార్చుకొన్న ప్రతిమారు సంస్థనుండి ధ్రువపత్రము అడిగి తీసికొనవలెను. అందులో తేదీ, రేటు, రుసుము, పన్ను, చెల్లించిన రూపాయలు స్పష్టముగా ఉండవలెను. బ్యాంకు చెప్పిన రేటు ఒకటి, ఖాతాలో పడినది మరియొకటి అయినచో మొదట ఆ బ్యాంకునకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి నకలు ఉంచుకొనవలెను. 30 దినములలో జవాబు రానిచో, వచ్చిన జవాబు తృప్తికరముగా లేనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఇందుకు రుసుము లేదు. వివరములకు 14448 అను టెలిఫోను సంఖ్యపై తెలుగులోను మాట్లాడవచ్చును.