మురుగునీటి శుద్ధి యందు గాలి పాత్ర

మురుగునీరు వీథులలో నిలిచినచో దోమలు పెరుగును; చెరువున కలిసినచో నీరు చెడును. ఇది సభ్యులెల్లరు ఎరిగినదే. స్థలము చాలని చోట్లను, శుద్ధమైన నీటిని మరల తోటలకు వాడదలచిన చోట్లను మెంబ్రేన్ బయోరియాక్టర్ అను ఏర్పాటును నేడు ఎన్నుకొనుచున్నారు. అట్టి ప్రతిపాదన వచ్చినపుడు ముందుగా విచారింపవలసినది గాలిని గురించియేయని మేము మనవి చేయుచున్నాము.

పని చేయు విధము

మురుగునీటికి గాలి పట్టించి, అందు పెరిగిన సూక్ష్మజీవుల బురదను నిలిపి మరల వాడినచో నీరు త్వరగా శుద్ధియగునని 1914లో మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అనువారు చూపిరి. 1989లో జపానునందు కజువో యమమోటో, ఆయన సహచరులు ఆ తొట్టిలోనే సన్నని గొట్టముల వంటి వడపోత పొరలను ముంచి నీటిని పీల్చు పద్ధతిని ప్రకటించిరి. పొర రంధ్రములు మిల్లీమీటరులో రెండువేలవ వంతుకంటె చిన్నవి. బురద వెలుపల నిలుచును. తేటనీరు లోనికి వచ్చును.

గాలి చేయు రెండు పనులు

బెల్లంపల్లి బొగ్గుగనులతో పెరిగిన ఊరు. భూగర్భ గనిలోనికి పంకా పంపు గాలి కార్మికునికి ఊపిరినిచ్చును, చెడువాయువులను తొలగించును. ఈ తొట్టిలోను గాలికి రెండు పనులు కలవు. సన్నని బుడగలు సూక్ష్మజీవులకు ప్రాణవాయువు నిచ్చును. పెద్ద బుడగలు పైకి లేచుచు పొరపై పేరుకొను బురదను రుద్ది తొలగించును.

గాలి తగ్గినచో పొరపై బురద అట్టకట్టును, రంధ్రములు పూడును, అంతే నీటికి పంపు ఎక్కువ బలముతో పీల్చవలసివచ్చును. అట్లని మితిమీరి ఊదుటయు చేటే. సూక్ష్మజీవుల ముద్దలు చితికి, వానినుండి వెలువడు జిగురుపదార్థము, సన్ననినలుసు రంధ్రములలో చేరును. విద్యుత్ వ్యయములో పెద్దభాగము గాలికే యగుటచే బిల్లును పెరుగును.

సభ్యులు గమనింపవలసినవి

1. పీల్చు ఒత్తిడిని ప్రతిదినము పుస్తకమున వ్రాయించవలెను. నీటి పరిమాణము పెరుగకయే ఒత్తిడి పెరుగుచున్నచో పొర పూడుచున్నదని గ్రహింపవలెను.

2. గాలియంత్రము ఆగినపుడు పీల్చు పంపును తప్పక ఆపవలెను. కరెంటు పోవు చోట జనరేటరు వసతి ఉండవలెను.

3. కొద్ది నిమిషములు పీల్చిన పిమ్మట కొంత విరామమిచ్చినచో, ఆ సమయమున బుడగలు పొరను సులభముగా కడుగును.

4. లోపల పట్టిన జిడ్డు గాలికి పోదు. దానికి క్లోరిను ద్రావణముతోను, సున్నపు పొరకు నిమ్మ ఆమ్లముతోను తగిన కాలమున శుభ్రము చేయించవలెను.

విద్యుత్తు, శుభ్రత, పొరల మార్పిడి వ్యయములను మొదటనే లెక్కవేయక యంత్రము కొనుట తగదు. బిల్లు తగ్గింపవలెనని గాలి ఆపినచో మిగులునది దుర్గంధము, పాడైన పొరయే. ఇండ్లు దూరదూరముగ ఉండి స్థలము గల చిన్న గ్రామములలో వంటింటి, స్నానపు నీటికి ఇంకుడుగుంతలే చాలును. తమ ఊరికి ఏది తగునో నిదానముగ విచారించి సభ్యులు తీర్మానము చేయుదురుగాక.