వరద వేళ వికలాంగుల రక్షణ

సూరత్ నగరములోని పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతములలో మరమగ్గముల పనికిని, వస్త్ర వ్యాపారమునకును వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. ఈ ప్రాంతమునకు నీటి భయము రెండు విధములుగా నున్నది. మొదటిది తాపీనది వరద. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటివలన నగరములో అధికభాగము మునిగెను. రెండవది ఖాడీ, అనగా వాగు, పొంగుట. 2024 జులైలోను, 2025 జూన్‌లోను ఖాడీలు పొంగి పల్లపు వీధులు జలమయములయ్యెను. జలాశయము నీరు నగరమును చేరుటకు కొన్ని గంటలు పట్టును. ఖాడీ యట్లు గాక, ఎగువ తాలూకాలలో భారీ వర్షము కురిసిన పిదప త్వరగా పొంగవచ్చును.

నడువగలవారికి ఆ కొద్ది వ్యవధి చాలును. నడువలేనివారికి చాలదు. కింది అంతస్తులో నొక ఇంటిని ఊహింపుడు. కాళ్లు చచ్చుబడిన కుమారుడు మంచముపై నున్నాడు. తండ్రి రాత్రి పాళీ పనికి పోయినాడు. తల్లి యొక్కతె అతనిని మేడ మీదికి చేర్చలేదు. ఆ రాత్రి సహాయమునకు ఎవరు వత్తురో ఎండకాలముననే నిర్ణయించి యుంచవలెను.

ముందుగా చేయవలసినవి

1. ఇరుగుపొరుగులలో ముగ్గురిని ఏర్పరచుకొనవలెను. ఒకరు ఊరిలో లేకున్నను, మిగిలిన ఇద్దరు మోసికొనిపోగలరు. పై అంతస్తువారి సమ్మతి ముందే పొందవలెను.

2. వికలాంగుని పేరు, వైకల్యము, వాడు మందులు, వైద్యుని ఫోను నంబరు ఒక కార్డుపై గుజరాతీలోను, హిందీలోను వ్రాయించవలెను. రక్షణకు వచ్చువారికి తెలుగు రాకపోవచ్చును. వైకల్య ధ్రువపత్రముతో కూడ దీనిని నీరు చొరని సంచిలో నుంచవలెను.

3. కనీసము ఏడు దినముల మందులు నిలువ యుంచవలెను. మూర్ఛవ్యాధి మందు హఠాత్తుగా ఆగినచో ప్రమాదము. డయాలిసిస్ పొందువారు మరియొక కేంద్రమేదో ముందుగా తెలిసికొనవలెను.

4. ఆక్సిజన్ యంత్రము వాడువారు విద్యుత్తు నిలిచినపుడు పనికివచ్చుటకు సిలిండరు సిద్ధపరచుకొనవలెను.

ఆపద సమయమున

నీరు గడప దాటువరకు వేచియుండరాదు. హెచ్చరిక వినిన తోడనే వికలాంగులను మొదట తరలింపవలెను. చేతులు తడవకముందే మెయిన్ స్విచ్చి ఆపవలెను. అంధుని చేయి పట్టి లాగరాదు. అతనినే సహాయకుని మోచేయి పట్టుకొననిచ్చి, మెట్లు వచ్చినపుడు చెప్పవలెను. చెవిటివారికి కేకలు వినబడవు గనుక, భుజము తట్టి, దీపపు వెలుగులో సైగలతో తెలుపవలెను. బుద్ధిమాంద్యము గలవారికి పరిచితమైన వస్తువునొకదానిని చేతికిచ్చి, చిన్న మాటలతో ధైర్యము చెప్పవలెను. వెన్నెముక దెబ్బతిని స్పర్శ లేనివారిని తడిబట్టలలో నుంచరాదు. తరచుగా ఒత్తిగిలింపకున్న పుండ్లు పడును. చక్రాల కుర్చీని, చేతికర్రను వెంట తీసికొనిపోవలెను. అవి లేనిచో శిబిరములో వారు పూర్తిగా పరాధీనులగుదురు.

వరద తగ్గిన పిదప కాచి చల్లార్చిన నీరే త్రాగవలెను. బురదనీటిలో తిరిగినవారికి జ్వరము వచ్చినచో అది ఎలుకల మూత్రమువలన వ్యాపించు లెప్టోస్పైరోసిస్ కావచ్చును. ఆలసింపక వైద్యునికి చూపవలెను.

చట్టము కల్పించిన హక్కు

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ప్రకృతి వైపరీత్యములలో వికలాంగులకు సమాన రక్షణ కల్పించినది. జిల్లాలోని వికలాంగుల వివరములను నమోదుచేసి, ప్రమాదమును వారికి తెలియజేయు బాధ్యత జిల్లా విపత్తు నిర్వహణ సంస్థపై నున్నది. కావున ప్రతి కుటుంబమును ఆ నమోదును కోరవలెను. అత్యవసర సహాయమునకు 112, అంబులెన్సుకు 108 నంబర్లు కలవు.

వర్షఋతువునకు ముందు, ఒక ఆదివారము నాడు ఇరుగుపొరుగువారితో కలిసి మేడ మీదికి చేర్చుట అభ్యసింపవలెను. ఆ పనిలో వికలాంగుని మాటయే మొదట వినవలెను. తన్ను ఎట్లు ఎత్తిన నొప్పి కలుగదో అతనికే బాగుగా తెలియును.