ఫోనులోని గాలము: కుటుంబములకు ఒక అధ్యయన పాఠము



రాజపాళయములో స్థిరపడిన మనకు చేతిలోని ఫోను విలాస వస్తువు కాదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడుచు బ్రతుకు మనకు పెండ్లి కబురైనను, చావు కబురైనను దాని ద్వారానే అందుచున్నది. కాబట్టి ఫోనును పారవేయుడని చెప్పుట ఈ పాఠము యొక్క ఉద్దేశము కాదు. అయితే ఒక్క కబురు చూచుటకు తీసిన ఫోనును గంట గడిచినను క్రింద పెట్టలేకపోవుచున్నాము. ఇది మన బలహీనత మాత్రమేనా? లేక అట్లు జరుగవలెనని దానిని తయారుచేసిన వారున్నారా? ఈ సంగతిని విచారించుదము.

1. మన ప్రాంతములో జరిగిన సంగతి

2019 ఏప్రిల్ 3న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము టిక్‌టాక్ యాప్‌ను దించుకొనుటను నిషేధించవలెనని ప్రభుత్వమును ఆదేశించినది. పిల్లల క్షేమము అందులో ముఖ్యమైన చింత. మన విరుదునగర్ జిల్లా ఆ ధర్మాసనము పరిధిలోనిదే. ఏప్రిల్ 24న ఆ నిషేధము ఎత్తివేయబడినది. తరువాత 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము దేశ భద్రత కారణముగా టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినది.

పీడ విరగడైనదని అనేకమంది తలిదండ్రులు తలంచిరి. కాని ఆ జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశములో మొదలైనవి. పేరు మారినది గాని పద్ధతి మారలేదు. కాబట్టి మనము తెలిసికొనవలసినది యాప్ పేరు కాదు, దాని పద్ధతి.

2. నాలుగు పద్ధతులు

(అ) ఎప్పుడు దొరుకునో తెలియని బహుమానము. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు బి.ఎఫ్. స్కిన్నర్ పేరు చదివియే యుందురు. ఎలుకలతోను, పావురములతోను ఆయన ప్రయోగములు చేసెను. మీట నొక్కిన ప్రతిసారి మేత దొరికిన ప్రాణి, మేత ఆగిపోగానే త్వరలోనే నొక్కుట మానివేయును. ఏ నొక్కుకు మేత వచ్చునో తెలియనప్పుడైతే అది విడువక నొక్కుచునే యుండును. మేత ఆగిన తరువాత కూడ చాలసేపు నొక్కును. 1957లో ఫెర్‌స్టర్‌తో కలిసి ఆయన ప్రచురించిన గ్రంథములో ఈ ఫలితములు వివరముగా నున్నవి. లాటరీ చీటీ కొనువాని మనస్సు ఇట్టిదే. పది వీడియోలు చప్పగా నుండి, పదకొండవది కడుపుబ్బ నవ్వించును. ఆ పదకొండవదాని కొరకే మన వ్రేలు కదలుచుండును.

(ఆ) ముగింపు లేకుండుట. నూలు మిల్లులో షిఫ్టుకు ముగింపు కలదు. వార్తాపత్రికకు చివరి పేజీ కలదు. భోజనమైన తరువాత విస్తరి మడిచెదము. “ఇక చాలు” అని మనస్సు నిర్ణయించుకొనుటకు ఇట్టి ఆగుచోట్లు అవసరము. ఫోనులో ఆ చోట్లను తీసివేసిరి. 2006లో ఏజా రాస్కిన్ అను నిపుణుడు అంతము లేకుండ క్రిందికి జరుగు పేజీని రూపొందించెను. అది ప్రజల సమయమును ఎంతగా హరించెనో చూచి, తరువాత ఆయనే బహిరంగముగా విచారము వ్యక్తపరచెను. ఒక వీడియో ముగియగానే మరియొకటి తనంతట తానే మొదలగుట కూడ ఈ జాతికి చెందినదే.

(ఇ) మనుష్యుల మెప్పు. 2009లో ఫేస్‌బుక్ లైక్ గుర్తును ప్రవేశపెట్టినది. అప్పటి నుండి మెప్పును అంకెలలో లెక్కపెట్టుట అలవాటైనది. 2014 నవంబరులో వాట్సాప్‌లో నీలి గుర్తులు వచ్చినవి. “చూచి కూడ జవాబు వ్రాయలేదు” అని వదినా మరదండ్ల మధ్య మాట పట్టింపులు వచ్చుటకు ఆ రెండు చిన్న గీతలు చాలును. దూరముననున్న బంధువులు నొచ్చుకొందురేమోనని మనము మాటిమాటికి ఫోను చూచుచున్నాము.

(ఈ) పోగొట్టుకొందుమను భయము. వంద రూపాయలు దొరికిన సంతోషము కంటె, వంద రూపాయలు పోయిన బాధ ఎక్కువ. కానెమన్, ట్వెర్‌స్కీ అను పండితులు 1979లో ఈ స్వభావమును సిద్ధాంతముగా వివరించిరి. స్నాప్‌చాట్ వంటి యాప్‌లు, ఎన్ని దినములు వరుసగా సందేశములు పంపుకొంటిమో లెక్కకట్టి చూపును. ఒక్క దినము తప్పినను లెక్క సున్నకు వచ్చును. పరీక్ష ముందటి రాత్రి కూడ పిల్లలు దానిని విడువలేకపోవుటకు కారణమిదే.

3. వారికి కలుగు లాభమేమి?

వీటిలో చాల యాప్‌లకు మనము రూపాయి చెల్లించము. వారి ఆదాయము ప్రకటనల నుండి వచ్చును. మనమెంతసేపు చూచిన అన్ని ప్రకటనలు చూపవచ్చును. ఫేస్‌బుక్ మొదటి అధ్యక్షుడైన షాన్ పార్కర్, ప్రజల సమయమును, ధ్యాసను వీలైనంత ఎక్కువగా పొందుటయే తమ ఆలోచనయనియు, మనస్సులోని బలహీనతను తెలిసియే వాడుకొంటిమనియు 2017లో ఒప్పుకొనెను.

చట్టము కొంత మేలుకొన్నది. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలకు రాత్రి 12 మొదలు ఉదయము 5 గంటల వరకు తమిళనాడు ప్రభుత్వము 2025లో ఆటంకము విధించినది. ఆ జూన్‌లో హైకోర్టు ఆ నియమమును సమర్థించినది. ఆగస్టులో పార్లమెంటు అట్టి ఆటలనే నిషేధించుచు చట్టము చేసినది. అర్ధరాత్రి మనస్సు పట్టు సడలునని చట్టమే గుర్తించినది గదా! 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకముల మోసపు పద్ధతులను నిషేధించినది. అయితే అంతము లేని పేజీ ఆ పట్టికలో లేదు. కనుక ఈ విషయములో మన ఇంటికి మనమే కావలి.

4. మనము చేయదగినవి

చేప ఎరను చూచును గాని గాలమును చూడదు. పిల్లలను తిట్టుటకు ముందు గాలమును చూపించుడి. ఈ నాలుగు పద్ధతులను వివరించి, వారి ఫోనులోనే వాటిని వెదకి పట్టుకొమ్మనుడి. తాము మోసపోవుచున్నామని తెలిసిన పిల్లలకు పౌరుషము కలుగును.

మనుష్యులు చేయు కాల్స్ తప్ప మిగిలిన యాప్‌ల మ్రోతలను ఆపివేయుడి. వీడియోలు తమంతట తాము మొదలగు ఏర్పాటును తీసివేయుడి. నీలి గుర్తులను కూడ వాట్సాప్ సెట్టింగులలో ఆపవచ్చును. ఫోను తెరచుటకు ముందు, “దేనికొరకు తీయుచున్నాను?” అని ఒక్క మాట అనుకొనుడి, ఆ పని కాగానే మూసివేయుడి.

రాత్రివేళ ఫోనులన్నియు పడకగది వెలుపల ఒకే చోట ఛార్జికి పెట్టుడి. మేల్కొనుటకు పాత అలారము గడియారము చాలును. రాత్రి షిఫ్టులో నున్నవారి కొరకు ఒక ఫోను మ్రోగునట్లు ఉంచవచ్చును. ఈ నియమము పెద్దలకు కూడ వర్తించవలెను. తండ్రి చేతిలో ఫోను వెలుగుచుండగా కుమారునికి చెప్పు బుద్ధి నిలువదు.

నిద్ర, చదువు, పని చెడిపోవునంతగా అలవాటు ముదిరినచో సిగ్గుపడక వైద్య సలహా పొందుడి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఇట్టివారి కొరకు 2014లోనే ప్రత్యేక చికిత్సాలయము ప్రారంభించినది.

చర్చకు ప్రశ్నలు

1. నిన్న మనము ఫోను ఎన్ని గంటలు చూచితిమి? ఫోనులోనే ఆ లెక్క యున్నది. మొదట మన అంచనా వ్రాసి, తరువాత లెక్కతో పోల్చుడి.
2. పై నాలుగు పద్ధతులలో మన ఇంటిలో ఏది బలముగా పనిచేయుచున్నది?
3. జవాబు ఆలస్యమైనను నొచ్చుకొనరాదని మన బంధువులతో ఎట్లు మాట్లాడుకొనగలము?
4. రాబోవు వారము కుటుంబమంతయు కలిసి పాటించదగిన ఒక్క నియమము ఏది? దానిని కాగితముపై వ్రాసి, అందరు సంతకము చేసి, గోడకు అంటించుడి.