పురిటికి వచ్చిన పిల్ల చేతిలో ఫోన్

తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. వచ్చిన పిల్లకు పదిహేడో పద్దెనిమిదో ఏళ్లు. పొద్దస్తమానం ఫోన్ పట్టుకుని పడుకుంటోందని, కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని మనకు గుబులు. సహజమే. కానీ ఆ ఫోన్ లాక్కునే ముందు అందులో తను ఏం వెతుక్కుంటోందో చూద్దాం.

నొప్పులు ఎలా ఉంటాయి, ఆపరేషన్ చేస్తారా, పాలు పడకపోతే ఎలా? ఇవన్నీ మనల్ని అడగాల్సినవే. అడిగితే "మేమంతా కనలేదా?" అని కొట్టిపారేస్తామని తనకు తెలుసు. అందుకే అందరూ పడుకున్నాక యూట్యూబ్‌లో వెతుకుతుంది. ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో తనతో చదివిన పిల్లల కాలేజీ ఫొటోలు. వాళ్లు పరీక్షలు రాసి గుంపుగా నవ్వుతుంటారు. తనకేమో కాళ్ల వాపు, పొట్ట మీద చారలు. ఒక లైకు కొట్టి గోడవైపు తిరిగి పడుకుంటుంది. మనం దాన్ని బద్ధకం అనుకుంటాం. ఆ వయసుకు స్నేహితులే లోకం, ఆ లోకం తనను వదిలి ముందుకు వెళ్లిపోతోందన్న దిగులు అది.

ఒక చేదు మాట చెప్పక తప్పదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోని 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భవతులో అని తేలింది. మంచి సంబంధం చేజారిపోతుందని, పిల్ల సుఖపడాలని మనం తొందరపడ్డాం. ప్రేమతోనే చేశాం. భారం మాత్రం ఆ చిన్న ఒంటి మీద పడింది. ఈ వయసులో బీపీ పెరిగి ఫిట్స్ రావడం, నెలలు నిండకముందే కాన్పవడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం ఎక్కువ. పద్దెనిమిది నిండలేదు, కేసవుతుందేమో అన్న భయంతో ఆసుపత్రికి దూరం పెట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు.

"ఏదమ్మా, నాకూ చూపించు" అని పక్కన కూర్చోండి. కుంకుమపువ్వుతో బిడ్డ తెల్లగా పుడుతుందని, పొట్ట తీరును బట్టి మగబిడ్డో ఆడబిడ్డో తెలుస్తుందని, పుట్టగానే తేనె నాకించాలని చెప్పే వీడియోలు కనబడతాయి. ఏవీ నిజం కావు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదం కూడా. వీటిలో కొన్ని మనమూ నమ్మినవే కాబట్టి, ఇద్దరూ కలిసే ఏఎన్ఎమ్ నర్సమ్మను అడగండి. ముర్రుపాలు ఎందుకు పట్టాలో, బిడ్డను రొమ్ముకు ఎలా ఆనించాలో చక్కగా చూపే వీడియోలూ ఆ ఫోన్‌లోనే దొరుకుతాయి. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తం పోవడం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి కనిపిస్తే మాత్రం ఏ వీడియో కోసమూ ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

కాన్పయ్యాక బిడ్డ ఫొటో స్టేటస్‌లో పెడితే దిష్టి అంటూ కసురుతాం. ఎన్నాళ్లకో నలుగురికీ చూపించుకోగల సంతోషం తనకు దొరికింది. అయినవాళ్లకే కనిపించేలా పెట్టుకోమంటే చాలు. కాన్పయిన మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్లు రావడం చాలామందిలో ఉంటుంది. అది దాటినా దిగులు తీరకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

చదువు సంగతీ తనను అడగండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి, ఇంటర్ పూర్తి చేయొచ్చు. ఫోన్‌లో పాఠం వింటానంటే, ఆ గంటసేపు బిడ్డను మనం చూసుకుందాం.