వృద్ధులు పొగ మానుటకు సులువైన సాధనమేది?

సంఘ సభ్యుల కుమారులు కొందరు మమ్ము తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. "మా నాయనకు డెబ్బది యేండ్లు దాటినవి. పడుచుతనము నుండి బీడీ అలవాటు. ఇప్పుడు దగ్గు, ఆయాసము. చేయి వణుకును, చూపు మందగించినది. ఆయన తికమక పడకుండ వాడుకొనదగిన ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఏది? లండనులో నున్న తమ్ముడు కొని పంపెదనని వ్రాసినాడు" అని.

ఈ ప్రశ్న తండ్రి మీది ప్రేమ వలన పుట్టినది గనుక త్రోసివేయదగినది కాదు. 1734లో నేతగాండ్ర కొరకు వెలసిన చింతాద్రిపేట మొదలుకొని నగరములో మనవారున్న ప్రతి పేటలోను ఇట్టి పెద్దలు కలరు. అందుచేత ఈ విషయమును పాఠముగా వివరించుచున్నాము.

1. ఆ సాధనము, చట్టము

ఎలక్ట్రానిక్ సిగరెట్టు అనగా బ్యాటరీతో పనిచేయు చిన్న గొట్టము. అందులోని ద్రవము వేడెక్కి ఆవిరియగును. ఆ ఆవిరిని పీల్చుదురు. పొగాకు కాలదు గనుక బూడిద, తారు ఉండవు. ద్రవములో సాధారణముగా నికోటిన్ ఉండును. పొగాకునకు మనిషిని కట్టివేయు పదార్థము ఈ నికోటినే.

ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాఖ వారు పొగ మానదలచిన పెద్దవారికి దీనిని ఒక సాధనముగా అంగీకరించినారు. అచ్చట ద్రవములోని నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించరాదను నియమము కలదు. తమ్ముడు అక్కడ చూచినది నిజమే. కాని అక్కడి మాట ఇక్కడ చెల్లదు.

తమిళనాడు ప్రభుత్వము 2018లోనే దీనిని నిషేధించినది. 2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. అదే సంవత్సరము డిసెంబరులో అది చట్టమైనది. దీని తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకము, నిల్వ, ప్రకటన అన్నియు నేరములే. నిల్వ తప్ప తక్కినవాటిలో మొదటి నేరమునకు ఒక సంవత్సరము వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. మరల చేసినచో మూడు సంవత్సరముల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నికోటిన్ లేని రకమునకును ఈ చట్టము వర్తించును. విదేశము నుండి దేశములోనికి తెచ్చుటయే దిగుమతి. కావున తమ్ముడు పార్సెలులో పంపినను, పెట్టెలో పెట్టుకొని వచ్చినను చిక్కులు తప్పవు.

చాటుగా అమ్మువారి వద్ద కొందమా అన్నచో, అందులో ఏమి పోసినారో, ఎంత పోసినారో చెప్పు నాథుడు లేడు. ఆ ద్రవము పసిపిల్లలు మ్రింగినచో ప్రాణాపాయము. నాసిరకపు బ్యాటరీ వేడెక్కి అంటుకొనుట కలదు. పడుగు, నూలు, సరుకు ఒక్క గదిలోనే ఉంచుకొను మన ఇండ్లలో ఇది చిన్న మాట కాదు.

2. చంపునది పొగ, కట్టివేయునది నికోటిన్

ఈ భేదము తెలిసినచో మార్గము దొరకును. క్యాన్సరును, గుండెపోటును, ఊపిరితిత్తుల జబ్బును తెచ్చునది ముఖ్యముగా కాలిన పొగాకు పొగ. బీడీలో పొగాకు సిగరెట్టులోకన్న తక్కువ. అయినను ఆకుచుట్ట ఆరిపోకుండ మాటిమాటికి గట్టిగా పీల్చవలెను గనుక తారు, కార్బన్ మోనాక్సైడు వంటి విషములు ఎక్కువగా లోనికి పోవును. నూలు దుమ్ము నడుమ పనిచేయు ఊపిరితిత్తులకు ఇది రెండవ దెబ్బ.

పొగ లేకుండ నికోటినును మాత్రము కొలత ప్రకారము ఇచ్చి, క్రమముగా తగ్గించి, చివరకు మాన్పించు ఔషధములు మన దేశములో చట్టబద్ధముగా దొరకుచున్నవి. నమలు గమ్ము, చప్పరించు బిళ్ళ, చర్మమునకు అంటించు పట్టీ అని ఇవి మూడు విధములు. గమ్మును, పట్టీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో అవశ్యక ఔషధముల జాబితాలో చేర్చినది. అబ్బాయి వెదకుచున్న సులువైన సాధనము వీటిలోనే కలదు.

3. ఏది ఎవరికి తగును?

ఎంచుకొనుటకు ముందు మూడు సంగతులు చూడవలెను: పెద్దాయన నోరు, చేయి, ఉదయపు మొదటి బీడీ.

నోరు: కట్టుడు పండ్లు ఉన్నవారికి గమ్ము పనికిరాదు, పండ్లకు అంటుకొని ఊడదీయును. అట్టివారికి చప్పరించు బిళ్ళ గాని, పట్టీ గాని మేలు. గట్టి పండ్లున్నవారు కూడ గమ్మును మిఠాయివలె నమలరాదు. నాలుక చిమచిమలాడు వరకు మెల్లగా నమిలి, చిగురుకు, బుగ్గకు నడుమ అదిమి ఉంచవలెను. చిమచిమ తగ్గిన పిదప మరల నమలవలెను. ఇట్లు అరగంట. గబగబ నమిలి రసము మ్రింగినచో వెక్కిళ్ళు, కడుపులో మంట వచ్చును. "ఇది నాకు పడదు" అని మొదటి నాడే పారవేయుదురు. కాఫీ త్రాగిన పావుగంట వరకు గమ్ము గాని, బిళ్ళ గాని వేసికొనరాదు.

చేయి: వేళ్ళు వణకువారికి, మరపు ఉన్నవారికి పట్టీ అన్నిటికన్న సులువు. రోజుకు ఒక్కటి. కోడలు గాని, కుమార్తె గాని ఉదయము అంటించినచో ఆయన మరల తలచుకొన పనిలేదు. వెంట్రుకలు లేని పొడి చర్మముపై అంటించి, అరచేతితో కొంతసేపు అదిమి పట్టవలెను. మగ్గముపై కూర్చుండువారికి భుజము ఆడుచుండును, చెన్నపట్టణపు ఉక్కకు చెమటయు ఎక్కువ. కావున వీపు పైభాగము మేలు. ప్రతిదినము చోటు మార్చవలెను. రాత్రి పీడకలలు వచ్చినచో పడుకొనబోవు ముందు తీసివేయవచ్చును. తీసిన పట్టీలో ఇంకను మందుండును. మడిచి పిల్లలకు అందకుండ పారవేయవలెను.

మొదటి బీడీ: నిద్ర లేచిన అరగంటలోపల బీడీ వెలిగించువానికి నికోటిన్ పట్టు ఎక్కువ. అట్టివానికి గమ్మైనను, బిళ్ళయైనను 4 మిల్లీగ్రాములది కావలసి యుండును. ఆ తరువాత వెలిగించువానికి 2 మిల్లీగ్రాములది చాలును. పట్టీలు 21, 14, 7 మిల్లీగ్రాముల మెట్లుగా దొరకును. మోతాదు వైద్యుడు నిర్ణయించుట ఉత్తమము. మొత్తము వాడుక సుమారు పండ్రెండు వారములు. కొంచెము నెమ్మదించగానే రెండవ వారమున మానివేయుట పలువురు చేయు పొరపాటు.

పొగకు బదులు నశ్యము, నమలు పొగాకు, గుట్కా మాత్రము పట్టరాదు. నోటి పుండ్లకు, నోటి క్యాన్సరుకు నమలు పొగాకు దగ్గరి దారి.

4. ముందుగా వైద్యునితో చెప్పవలసినవి

ఇటీవల గుండెపోటు వచ్చినను, ఛాతీ నొప్పి, గుండె దడ, కడుపులో పుండు ఉన్నను వైద్యుని అడుగకుండ ఏదియు ఆరంభింపరాదు. ఇంకొక సంగతి చాలమందికి తెలియదు. పొగ వలన కొన్ని మందులు శరీరములో త్వరగా కరగిపోవుచుండును. పొగ మానగానే అదే మోతాదు ఎక్కువై కూర్చొనును. ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్ అట్టిది. ఇన్సులిన్ వాడువారును, రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారును తాము పొగ మానుచున్నట్లు తప్పక చెప్పవలెను.

కాఫీయు అంతే. పూటకు రెండు లోటాలు త్రాగువాడు పొగ మానిన పిదప ఒక లోటాతోనే గుండె దడదడలాడి, నిద్ర పట్టక, "బీడీ మానినందుకే ఇట్లయినది" అనుకొనును. కాఫీని సగము చేసినచో ఈ బాధ చాలవరకు తగ్గును.

5. ఇంటివారి పని

నలువది యేండ్లుగా కండె అయిపోయినప్పుడెల్ల లేచి అరుగు మీద బీడీ వెలిగించినవానికి, కండె అయిపోవుటయే పిలుపు. కావున ఆ వేళకు చేతికి ఏదో ఒకటి అందింపవలెను: బిళ్ళ, ఏలకి కాయ, చెంబెడు మంచినీళ్ళు. కోరిక కొద్ది నిమిషములే గట్టిగా నుండును. తరువాత దానంతట అదే దిగును. మొదటి వారములలో చిరాకు, మలబద్ధము, దగ్గు ఎక్కువగుట కలదు. అది రోగము ముదురుట కాదు.

ఒకనాడు జారి ఒక బీడీ త్రాగినచో గద్దింపరాదు. ఒక పోగు తెగినంత మాత్రమున పడుగంతయు కోసివేయుదుమా? అతికి ముందుకు సాగుదుము. పట్టీ అట్లే ఉంచి, మరునాడు యథాప్రకారము నడిపింపవలెను. ఇంటిలోని కుమారుడు కూడ పొగ త్రాగువాడైనచో తండ్రితోపాటు తానును మానవలెను. తాను వెలిగించుచు నాయనకు నీతి చెప్పినచో ఆయన వినడు.

"ఈ వయసులో మానిన ఏమి, మానకున్న ఏమి?" అని పెద్దలు అందురు. ఇంగ్లండులో వైద్యులనే ఏబది సంవత్సరములు గమనించి రిచర్డ్ డాల్ మొదలగువారు 2004లో ప్రకటించిన ఫలితము దీనికి జవాబు: అరువదవ యేట మానినవారికి సుమారు మూడు సంవత్సరముల ఆయుష్షు దక్కినది. డెబ్బదవ యేట మానినవారికిని మేలు కలదు. మానిన ఒకటి రెండు దినములలో రక్తములోని కార్బన్ మోనాక్సైడు తగ్గును. ఒక సంవత్సరములో గుండెజబ్బు భయము సుమారు సగమగును.

6. ఎక్కడ అడుగవలెను?

1800-11-2356 అను జాతీయ సహాయ ఫోను 2016 నుండి ఉచితముగా పనిచేయుచున్నది. బెంగళూరు నిమ్హాన్సు నుండి తెలుగులో మాటలాడువారు కలరు. నగరములో అడయారు క్యాన్సరు ఇన్‌స్టిట్యూటున పొగాకు మాన్పించు కేంద్రము 2002లో ఏర్పడినది. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారి కృషితో 1954లో వెలసిన సంస్థ అది. పెద్దాయనను ఒంటరిగా పంపక, ఇంటివారొకరు ఆయన వాడు మందులన్నియు సంచిలో వేసికొని వెంట వెళ్ళవలెను.

తమ్మునికి వ్రాయవలసిన జవాబు ఇది: "ఆ గొట్టము పంపవద్దు. ఆ సొమ్ముతో నాయనకు మూడు నెలల పట్టీలు ఇక్కడనే కొనెదము. నీవు వారమునకొకసారి ఫోను చేసి, ఎన్ని దినములైనదని ఆయననే అడుగుము."