నొప్పికి ఎన్ని మాటలు!

హైదరాబాదుకు తూర్పున, విజయవాడ రహదారి పక్కన ఉన్న ప్రాంతం సరూర్‌నగర్. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుండి, కోస్తా నుండి వచ్చి స్థిరపడినవారు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు ఇక్కడ ఇరుగుపొరుగున నివసిస్తున్నారు. ఇటువంటి చోట శిక్షణ పొందే నర్సింగ్ విద్యార్థిని తరగతిలో వినే భాష ఒకటి, రోగి మంచం దగ్గర వినే భాష మరొకటి.

ఇంటర్మీడియట్ తరువాత చేరే జి.ఎన్.ఎం. కోర్సు గాని, నాలుగేళ్ల బి.ఎస్‌సి. నర్సింగ్ గాని ఇంగ్లీషు మాధ్యమంలోనే సాగుతుంది. పాఠంలో తరచుగా వినిపించే ‘పెయిన్’ అనే మాట రోగి నోట పలు రూపాలు ధరిస్తుంది. చెవికి పోటు, పుండుకు సలుపు, కంటికి మంట, కాళ్లకు పీకుడు. “పానం మంచిగ లేదు” అని ఒక అవ్వ అంటే ఏ అవయవానికి బాధ కలిగిందో ఇంకా తెలియనట్లే. ఓపికతో అడిగి రాబట్టాలి. “చక్కర్ వస్తున్నది” అంటే కళ్లు తిరుగుతున్నాయని అర్థం. కొత్తగా వచ్చిన విద్యార్థిని దానిని చక్కెర వ్యాధిగా భావిస్తే, చేయి పట్టి నడిపించవలసిన రోగి ఒంటరిగా లేచి పడిపోవచ్చు.

మందుచీటీ విషయంలో ఈ ప్రయాణం తలకిందులవుతుంది. ‘బి.డి.’ అనే లాటిన్ సంకేతం “పొద్దున ఒకటి, రాత్రి ఒకటి”గా మారాలి. ఖాళీ కడుపుతో అనడానికి ‘పరగడుపున’ అనే చక్కని మాట తెలుగులో ఉండనే ఉంది.

ఈ సమస్య నగరానికి కొత్త కాదు. 1846లో ఏర్పడిన హైదరాబాదు వైద్య పాఠశాల తొలుత ఉర్దూలో బోధించి, తరువాత ఇంగ్లీషుకు మారింది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనాభాషగా చేసుకుంటూనే ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. వైద్యగ్రంథాలను అనువదించినవారు శాస్త్రపదాలకు పేర్లు కూర్చారు. కాని పామరుల వాడుకమాటలు సేకరించడం వేరే పని.

ఆ పని విద్యార్థులు చేయదగినది. నోటుపుస్తకంలో మూడు గడులు గీస్తే చాలు: రోగి అన్న మాట, దానికి సరిపోయే వైద్యపదం, ఆ మాట ఏ ప్రాంతానిది అన్న వివరం. అర్థం ఊహించి వ్రాయక, మాట్లాడినవారినే తిరిగి అడగాలి. ముందుగా వారి అనుమతి తీసుకోవాలి. పేరు మాత్రం ఏ గడిలోనూ వ్రాయరాదు.