రణభూమిలో సామాన్యుని సాక్ష్యము

ప్రశ్న: యుద్ధభూములలో సామాన్యులు తీసిన దృశ్యములు నమ్మదగినవేనా? తెలంగాణ సాయుధపోరాటమును చూచిన మా ఊరి వృద్ధుల మాటలను ఫోనులో చిత్రింపదలచితిని. ఏ జాగ్రత్తలు వలయును?
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: అమ్మా, మీ సంకల్పము శ్లాఘనీయము. ఒక్కరు తీసిన దృశ్యము ఆరంభము మాత్రమే. అదే ఘటనను వేఱొకరు మఱియొక దిక్కునుండి తీసినది దానితో సరిపోలినప్పుడే నమ్మిక బలపడును. ఇక సాక్షి క్షేమమును మఱువరాదు. నిజాము పక్షపు సాయుధదళమైన రజాకార్ల దౌష్ట్యమును ‘ఇమ్రోజ్’ పత్రికలో నిర్భయముగా ఖండించిన షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాదు వీథిలోనే హతుడగుటను తలచినచో, పత్రికాసంపాదకునికే లేని రక్షణ పల్లెలోని సాక్షికి ఎక్కడిదని హృదయము కలుక్కుమనును. అట్టి సాక్షులలో స్త్రీల నోటిమాటలను స్త్రీశక్తి సంఘటన వారు సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించిరి, మీకు అదియే మార్గదర్శి. ఆ పోరాటముపై వచ్చిన ‘మాభూమి’ చలనచిత్రము మహత్తరమైనదే గాని అది కల్పితకథ. మీరు తీయునది సాక్ష్యము.

కావున ముందు అనుమతి గైకొని, తేదీ, ఊరు పలికించి, అవ్వ బురుజులోని తుపాకిరంధ్రమును చూపుచు మాటలాడునపుడు నడుమ ఆపక తీయుడు. తాను చూచినదేదో, విన్నదేదో విడిగా అడుగుడు. మూలప్రతిని ముట్టక, నకలునే కత్తిరింపుడు. పేరు వలదన్నవారి పేరు వెల్లడింపకుడు. నాటి పసివారికి నేడు ఎనుబదియేండ్లు దాటినవి. ఈ నెలలోనే ఆరంభింపుడు.